రాయి వెనక చేప

యావన్మందికీ తెలియజేయడమేమనగా, మా హాల్లో సముద్రం వెలసింది. గాజు తొట్టె, దానికి మాత్రమే పనికొచ్చే ఉప్పు, లైట్లు, మోటారు, పగడపు రాళ్లు కొనేసరికి నా స్కూటరు అమ్ముడుపోయింది.

"ఇంత తగలేసి రాళ్లకు స్నానం చేయిస్తున్నారా? చేపేదీ?" అంది మా ఆవిడ. "ఆదివారంలోగా కనబడకపోతే తొట్టె వీధిలో ఉంటుంది, దాని పక్కన మీరుంటారు."

"ఎందుకు లేదూ? రాయి వెనక దాక్కుంది. మహా సిగ్గరి. అరుపులు వినబడితే బయటికి రాదు."

ఇక ఇంట్లో గిన్నె చప్పుడైతే ఒట్టు. ఆవిడ రోజూ కుర్చీ లాక్కుని, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని తొట్టె ముందే కూర్చునేది. తుమ్మిన పాపానికి సొంత తమ్ముణ్ణి బయటికి గెంటేసింది.

ఆదివారం పొద్దున్నే నన్ను తట్టి లేపింది. "చూశానండీ! పసుపు తోక! పాపం, ఒంటరిగా తిరుగుతోంది. దానికో జోడీ తెండి."

తొట్టె బతికిపోయింది. ఇరుక్కున్నది నేను. పసుపు తోకవి ఒకటి కాదు, రెండు కొనాలి. నీళ్లు కుదుటపడేదాకా చేపను వదలొద్దని షాపువాడు చెప్పడంతో, రాయి వెనక లేని చేపను నేనే అల్లాను. ఆ తోకను ఎవరు అల్లారో ఆవిడను అడిగే ధైర్యం మాత్రం నాకు లేదు.