మాయమైన మాటలు

తెరంతా ఎర్రబడింది.

‘వచ్చాడు: లేదు. వెళ్ళాను: లేదు. అమ్మాయి: లేదు. ఇలా: లేదు.’

వనిత తన చేతిలోని పెట్టెలో మాటలన్నీ ఉన్నాయో లేదో సరిచూస్తోంది. ఎర్ర గీతలు జారిపోతూనే ఉన్నాయి. చివరికి ఒక సంఖ్య వచ్చి ఆగింది. పదకొండు వందల నలభై మాటలు గల్లంతు.

గోడ గడియారం పదీ పది చూపిస్తోంది. పదకొండింటికి జగిత్యాల నుంచి డాక్టర్ ప్రణీత వస్తుంది. గొంతు ఆపరేషన్ అయి మాట పోయినవాళ్ళు ఇరవై మంది ఆమె దగ్గర చూపించుకుంటున్నారు. ఈ పెట్టె తన ముందు సరిగ్గా పలికితే ఆ ఇరవై మందికీ ఇలాంటివి తయారు చేయిస్తానంది. పలకకపోతే మళ్ళీ రానని కూడా ముందే చెప్పింది.

పెట్టె అరచెయ్యంత ఉంటుంది. ఒక చిన్న కంప్యూటర్ బోర్డు, పాత సెల్‌ఫోన్ బ్యాటరీ, బొటనవేళ్ళతో నొక్కే బటన్లు, స్పీకరు. సిరిసిల్లలో సెల్ రిపేరు షాపు నడిపే వనిత ఏడాది పాటు తంటాలు పడి తయారు చేసింది. రెండక్షరాలు నొక్కితే మాటలు చూపిస్తుంది. ఎంచుకుంటే పైకి పలుకుతుంది.

ఈ మొదటి పెట్టె తండ్రి కోసం చేసింది. గొంతులో గడ్డ తీసినప్పుడు దేవదాస్‌కు మాట కూడా పోయింది.

అతను మూలన కూర్చుని కండెలకు నూలు చుడుతున్నాడు.

“బాపూ, బయటోళ్ళెవరన్న దీన్ని ముట్టిండ్లా?”

దేవదాస్ తల అడ్డంగా ఊపాడు. కండె మీద నుంచి చూపు తిప్పలేదు.

వనిత మార్పుల జాబితా తెరిచింది. అన్నీ ఈ పెట్టె మీదే చేశారు. ఇరవై ఆరు రోజులుగా. రోజూ మధ్యాహ్నం రెండు, మూడు గంటల మధ్య. తను షాపులో ఉండే వేళ.

ఏం మార్చినా ఎందుకు మార్చారో రాయమని ప్రోగ్రాం అడుగుతుంది. ఇరవై ఆరు చోట్లా ఒకటే రాసి ఉంది.

‘పోగు అతికిన.’

వనిత కోరుట్లకు ఫోన్ కలిపింది. ప్రోగ్రాంలో సగం అక్కడి రాజేందర్ రాసిందే. నెట్‌లో ఎవరో అందరి కోసం ఉచితంగా పెట్టిన మాటల పట్టిక దించి ఇందులో ఎక్కించిందీ అతనే. పోయిన నెల, పెట్టె మీద ఎవరి పేరు ముందుండాలని ఇద్దరికీ గొడవైంది.

“రాజేందర్, పగ దీర్సుకున్నవా?”

“ఏందక్కా, పొద్దుపొద్దుగాల్నే?”

“పదకొండు వందల మాటలు లెవ్వు. పోగు అతికిన అని రాసిపెట్టిన్రు.”

“నాకు పోగేం దెలుసు? మేం కల్లుకు తాళ్ళెక్కెటోళ్ళం. నేనైతే మోకు తెగిందని రాస్తుంటి.” అంతలోనే అతని గొంతులో నవ్వు ఆగిపోయింది. “ఎవలూ మార్సకుండ తాళం వెట్టుమని ఆనాడే జెప్పిన. విన్నవా?”

వినలేదు. పైగా పెట్టె వెనక తనే చీటీ అంటించింది. ‘ఇది అందరిది. ఎవరైనా దిద్దొచ్చు.’ తండ్రికి చదివి వినిపించింది కూడా.

పోగు. తెగిన దాన్ని అతికేది సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద, పనిచేసే మనిషే. మధ్యాహ్నం పూట ఇంటికి వచ్చే సాంచెల మనిషి ఒక్కడే ఉన్నాడు. పక్కింటి హన్మండ్లు.

వనితకు ఒళ్ళు మండింది. నెల కింద తండ్రి మొదటిసారి పెట్టె పట్టుకుని చాయ్ హోటల్‌కు పోయాడు. “హన్మండ్లూ, మీరు భోజనం చేశారా?” అని పలికించాడు. హన్మండ్లుకు చాయ్ పొలమారింది.

“దేవదాసన్నా, టీవీల వార్తలు సదువుతున్నవానే?”

హోటలంతా ఒకటే నవ్వు. ఆ రోజు నుంచి తండ్రి ఎవరి ముందూ పెట్టెను పలికించలేదు. కూతురితో కూడా చేసైగలే.

వనిత గుమ్మంలోకి వెళ్ళి కేకేసింది. హన్మండ్లు జుట్టు నిండా దూదితో సాంచెల మీది నుంచి అట్లాగే వచ్చాడు.

“కాకా, బాపు పెట్టెల ఏం గెలికినవ్?”

“నేనా? సెల్లు ఎత్తుడే మొన్న మా మనుమరాలు నేర్పింది బిడ్డా. నేనచ్చేది కండెలకు.” దేవదాస్ వైపు తిరిగాడు. “నువ్వన్న జెప్పరాదే అన్నా!”

దేవదాస్ చేతిలో కండె ఆగింది.

బయట కారు హారన్ మోగింది. పదిన్నరే అయింది. డాక్టరమ్మ అరగంట ముందే వచ్చేసింది.

దొంగను తర్వాత పట్టుకోవచ్చు. ఇప్పుడు ఒక్కటే దారి. ఇరవై ఆరు రోజుల మార్పులన్నీ చెరిపేసి పాత పట్టికను వెనక్కి తెచ్చుకోవాలి. వనిత గబగబా నొక్కింది. తెర అడిగింది.

‘మార్పులన్నీ పోతాయి. మళ్ళీ రావు. సరేనా?’

గుమ్మంలో చెప్పులు విడుస్తున్న చప్పుడు.

“లోపలికి రావచ్చా?”

వనిత వేలు ‘సరే’ మీదికి వెళ్ళింది.

దేవదాస్ ఒక్క ఉదుటున లేచాడు. కండెలు నేల మీద దొర్లాయి. కూతురి మణికట్టు పట్టుకుని పెట్టె లాక్కున్నాడు. ‘వద్దు’ నొక్కాడు. ఆ వెంటనే అతని బొటనవేళ్ళు బటన్ల మీద పరుగెత్తాయి. ఆమె నేర్పినదానికన్నా ఎంతో వేగంగా.

“బాపూ, టైము లేదు! ఇయ్యి!”

ఇవ్వలేదు. గుమ్మంలో డాక్టర్ ప్రణీత ఆగిపోయింది. హన్మండ్లు నోరు తెరిచి చూస్తున్నాడు.

పెట్టె పలికింది.

“ఆగు బిడ్డా, గవి నా నోటి మాటలు గావని తీసేసి మనయి వెట్టింది నేనే, మీ బాపును.”