ముత్యాలప్ప మగ్గం

“మగ్గం నాది సార్. ఇంక మాటల్లేవు,” అన్నాడు ఓబన్న, తమ్ముడి ఇంటి గుమ్మం బయట చెప్పులు విడుస్తూనే.

“నీదెట్లయితాదన్నా? నా ఇంట్లో, నీ కండ్ల ముందరే ఉండాది గదా,” అన్నాడు తమ్ముడు ఓబిలేష్.

రాజేంద్ర సారు ఉగ్గాని ప్లేటు పక్కన పెట్టి ఇద్దరినీ కూర్చోమన్నాడు. కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరై, ఈ మధ్యే ధర్మవరంలో ఇల్లు కట్టుకున్న మనిషి. ప్రాచీన గ్రీకులను నమ్ముకున్న మనిషి కూడా. నీళ్ల ట్యాంకరు రాకపోతే, మన చేతిలో లేనిదాని గురించి దిగులు పడకూడదని గ్రీకులు ఎప్పుడో చెప్పారంటాడు. వస్తే మాత్రం బిందెలు భార్య చేతిలో ఉంటాయి.

వీధిలో పెద్దలు ఈ తగువు వినగానే నవ్వుకుని తప్పుకున్నారు. అందుకని సారు దాకా వచ్చింది. ఆయన మాత్రం ముచ్చటపడి, మగ్గాన్ని కళ్లారా చూసే తీర్పు చెబుతానని ఓబిలేష్ ఇంటికే వచ్చి కూర్చున్నాడు.

ముచ్చట పడాల్సిన తగువే మరి. అన్నదమ్ములు ఇల్లు పంచుకున్నారు, చెనిక్కాయ చేను పంచుకున్నారు, గొడవ లేదు. తల్లి కదిరమ్మ ఎవరి దగ్గర ఉండాలన్న చోట చిక్కుపడింది. ఆమె ఒకటే మాట అంది.

“మీ నాయన మగ్గం యాడుంటే నేను ఆడుంటా.”

పోయిన భర్త మీద ఆ ఇల్లాలికి ఎంత ప్రేమ అనుకున్నాడు సారు. తల్లి మాకు కావాలంటే మాకు కావాలని కొట్లాడే కొడుకులను చూసి ఇంకా కరిగిపోయాడు. తగువు తన దాకా వచ్చిన రోజే భార్యకు చెబితే, ఆమె వక్క నములుతూ “ఊ” అంది.

వాళ్ల నాయన ముత్యాలప్ప పేరు మామూలు పేరు కాదు. బెంగళూరు షాపుల వాళ్లు కూడా ‘ముత్యాలప్ప చీర’ ఉందా అని అడిగి తీసుకుంటారు. ఆయన పోయాక కూడా ఆ చీర ఆగలేదు.

“తండ్రి చెయ్యి నీకు బాగా పట్టుబడిందయ్యా,” అన్నాడు సారు ఓబిలేష్‌తో.

ఓబిలేష్ దగ్గి, మంచినీళ్లు తాగాడు.

“సరే, నీ వాదన ఏమిటి ఓబన్నా?”

“ఈడుండేది నాయన మగ్గమే కాదు సార్. తొక్కుడు చెక్కలు అరిగితే వీడు మార్చినాడు. నేసిన బట్ట చుట్టే దోనె చెదలు పడితే మార్చినాడు. పై కట్టెలు, ఆఖరికి పోగు దూర్చే నాడె కూడా మార్చినాడు. వీడు పారేసిన ప్రతి కట్టెనూ బండి మీద మోసుకుపోయి కొత్తచెరువు ఊర్లో నా ఇంట్లో నిలబెట్టినా. పసుపు కుంకుమ పెట్టినా. అదీ నాయన మగ్గం.”

“దాని మీద ఒక జేబుగుడ్డ నేసి చూపించన్నా,” అన్నాడు ఓబిలేష్. “దోమతెర కట్టుకుని పండుకోవడానికి తప్ప ఎందుకు పనికొస్తాది?”

గోడ పక్కన కూర్చుని కదిరమ్మ పట్టుపోగుల చిక్కు తీసుకుంటోంది.

సారు మొహం వెలిగిపోయింది. ఇన్నాళ్లకు తగిన కేసు తగిలింది.

“ఇది మీ ఇంటి తగాదా కాదయ్యా. ఏథెన్సు తగాదా. అక్కడ ఒక వీరుడి ఓడను దాచుకున్నారు. చెక్క పుచ్చితే కొత్త చెక్క వేశారు. అట్లా అన్నీ మారిపోయాయి. ఇప్పుడది పాత ఓడేనా, కొత్తదా? గ్రీకు పండితులంతా వాదించుకున్నారు.”

“ఏం తేల్చినారు సార్?” ఓబన్న ముందుకు జరిగాడు.

“ఏమీ తేల్చలేదు.”

“మరింకేం పండితులప్పా,” అన్నాడు ఓబన్న.

సారు నొచ్చుకోలేదు. సోక్రటీసు అయితే జవాబు చెప్పేవాడు కాదు, ప్రశ్న వేసేవాడు. తనూ అదే పట్టాడు.

“ఓబిలేషూ, కట్టె ఒక్కటే మగ్గమవుతుందా?”

“కాదు సార్. కట్టెనే మగ్గమయితే కట్టెలు కోసే సామిల్లంతా మగ్గాలే.”

“ఓబన్నా, నేసేవాళ్లు కాళ్లు దింపుకునే గుంత తవ్వితే మగ్గమవుతుందా?”

“యాడయితాది? నీళ్లు పడని బోరు కూడా గుంతే.”

“మరి కట్టెను, గుంతను మగ్గం చేసేదేమిటి?”

ముందు ఓబన్న నోరు తెరిచాడు.

“నేసే చెయ్యి సార్.”

“ఒప్పుకుంటావా ఓబిలేషూ?”

“ఒప్పుకోక? చెయ్యి లేకుంటే ఏముండాది?”

“అయితే విను నా తీర్పు,” సారు గొంతు సవరించుకున్నాడు. “కట్టెలు ఎవరి దగ్గరున్నాయన్నది కాదు, గుంత ఎవరి ఇంట్లో ఉందన్నది కాదు. ఏ చెయ్యి నేసిందో మగ్గం ఆ చేతిది. మీ ఇద్దరిదీ కాదు.”

అన్నదమ్ములు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తర్వాత ఇద్దరూ నేల చూశారు. తండ్రి గుర్తొచ్చి కళ్లు తడిసినట్టున్నాయి అనుకుని సారు తన కళ్లూ తుడుచుకున్నాడు.

“తీర్పు బాగుండాది సార్,” కదిరమ్మ మొదటిసారి మాట్లాడింది. “ఇద్దురూ ఒప్పుకున్నారు కూడా. రైలుకట్ట కాడ జిలాన్ బాషా ఇల్లు బాడుగకుండాదంట. వారంలో ఈ మగ్గం ఆడికి మారుస్తా. నేనూ ఆడనే ఉంటా.”

“మా, ఏం మాటమా అది?” ఓబన్న లేచి నిలబడ్డాడు. “నీ కోడలు నీ కోసం రూము కూడా సున్నం వేయించింది.”

“దాంట్లో నీ కట్టెలు పెట్టుకో పెద్దోడా.”

సారు కంగారుపడ్డాడు. “అది కాదక్కా, మగ్గం మీకెట్లా చెందుతుంది? నేను అన్నది ముత్యాలప్ప చెయ్యి గురించి.”

కదిరమ్మ కుచ్చిళ్లు ఎగదోపుకుని, చీరలు మూటగట్టి ఊరూరా తిరిగి అమ్మడమే తప్ప ముత్యాలప్ప బతుకంతా ఒక్కసారి కూడా దిగి ఎరగని ఆ మగ్గం గుంతలోకి దిగి, కాపురానికొచ్చిన నాటి నుంచి తాను నేస్తున్న ‘ముత్యాలప్ప చీర’ను నిన్న ఆపిన చోట మళ్లీ అందుకుంది.