అరిచేవాళ్ళ ఫోన్లు

మా కాల్‌సెంటర్‌లో కిటికీ పక్క కుర్చీ నాతో పనిచేసే ఆ పిల్లకే ఇచ్చారు. దానికి రాత్రి డ్యూటీలు తీసేశారు. కస్టమర్ గొంతు పెంచాడంటే చాలు, ఆ ఫోన్ నాకు మళ్ళించేస్తుంది. మనసు బాగోలేదని డాక్టర్ దగ్గర్నుంచి కాగితం తెచ్చిందిగా, అది దాని హక్కట!

నాకన్నా వెనక చేరిన పిల్ల. చూస్తుంటే ఒళ్ళు మండిపోయేది.

ఇవాళ దానికి రావలసినవాడొకడు నా ఏడు తరాలనూ తిట్టిపోశాడు. హెడ్‌సెట్ పక్కన పడేసి సూపర్‌వైజర్ దగ్గరికి వెళ్ళాను.

"దాని వాటా తిట్లు కూడా నేనే తినాలా సార్?"

"మీరు గట్టి పిండం అమ్మా, మీకేమీ అంటదు. పాపం, ఆ అమ్మాయికి జబ్బు."

ఆ 'పాపం' విని మరీ కుళ్ళుకున్నాను. నన్నెవరూ ఒక్కసారైనా అలా అనలేదు.

భోజనాల దగ్గర అది అందరి మధ్యా కూర్చుని మాత్ర నోట్లో వేసుకుంది. దాపరికం లేదు, సిగ్గు లేదు. చూడలేక పర్సు తీసుకుని లేచాను.

"బాత్‌రూంకేనా అక్కా?" అంది నెమ్మదిగా.

ఆగిపోయాను.

అది తన నీళ్ళసీసా నా వైపు జరిపింది. "రోజూ ఆ కుళాయి నీళ్ళతో ఎందుకూ? ఇక్కడే వేసుకో. నీ చేతిలో చూశాను, మనిద్దరిదీ ఒకటే మాత్ర. అడిగితే నీకూ ఇస్తారు, ఇలాంటి కుర్చీ."

కూర్చున్నాను. పర్సు జిప్పు సగం లాగాను. అంతలో సూపర్‌వైజర్ అటుగా వచ్చాడు. గబుక్కున మూసేశాను.

అది మాత్రం ఆయన ఎదుటే రెండో మాత్ర విప్పింది.

అబ్బ, ఎంత కుళ్ళొచ్చిందో!