బొగ్గు నలుసులు

"ఇది డీజిలు మసి కాదు."

జీవమ్మ మొగుడి చొక్కా కాలరు మడత విప్పి అతని ముఖం ముందు పెట్టింది. మడతలో నల్లటి నలుసులు. వేలితో నలిపితే గరగరమన్నాయి.

ప్రభుదాసు ఆళ్లగడ్డ డిపోలో బస్సు డ్రైవరు. తల ఎత్తకుండానే టీ ఊదుకుంటూ, "బస్సు తోలేటోని చొక్కాకు మసి కాకుండా మల్లెపూలు అంటుకుంటాయా?" అన్నాడు.

"డీజిలు మసైతే జిడ్డుగా ఉంటాది. ఇది బొగ్గు. మా నాయనవీ, మా అన్నవీ రైల్వే చొక్కాలు ఉతికి పెరిగినదాన్ని, నాకు చెప్పొద్దు. నిన్న నీకు ఆఫ్ దినం. డిపోలో మనిషి లేడు, రమ్మన్నారని పోతివి. రైలెందుకెక్కినావ్?"

"రైలా? నేనా?" ప్రభుదాసు గ్లాసు టక్కున కింద పెట్టాడు. "మీ అన్న జెండా ఊపే ఆ పొగబండి నేనెక్కతానా? మీ నంద్యాలోళ్లు వేరే గతి లేక ఎక్కతారు. చెయ్యెత్తితే నిలబడతాదా అది? శిరివెళ్ల కాడ ముసలమ్మ మూట పట్టుకొని ఉరికొస్తాంటే ఆగుతాదా? మా బస్సు ఆగుతాది!"

ఈ పాట జీవమ్మకు కొత్త కాదు. ఆమె అన్న జ్ఞానప్రకాశం నంద్యాల రైలు గేటు దగ్గర కాపలా. బావా బావమరుదులు పెళ్లిలో కలిసినా చావులో కలిసినా ఇదే తగువు. "మీ ఆళ్లగడ్డోళ్లు రైలు కూత వినాలన్నా మా నంద్యాలకే టికెట్టు తీయాల గదా బావా" అని ఆయన ఉడికిస్తాడు. పోయిన పండక్కి ఈయన మరీ రెచ్చిపోయి, "నేను రైలెక్కితే మొగోడే కాదనండప్పా!" అని బంధువులందరి ముందూ మీసం మీద చెయ్యేశాడు.

అంత మాటన్న మనిషి దొంగచాటుగా రైలెక్కాడంటే, దిగే చోట ఎవరో ఉండాలి. ఎవరో ఏమిటి, ఆడదే ఉండాలి. ఆ వారమంతా జీవమ్మకు అన్నం సహించలేదు.

మళ్లీ ఆఫ్ రోజు వచ్చింది. "డిపోలో పనుంది" అన్నాడు ప్రభుదాసు. ఇస్త్రీ చొక్కా, తలకు నూనె, అద్దం ముందు ఒకటికి రెండుసార్లు దువ్వెన. స్టీరింగు పట్టుకునేవాడికి ఈ సింగారమంతా ఎవరి కోసం?

"నేను శిరివెళ్లకు పోయి చిన్నమ్మను చూసొస్తా" అంది జీవమ్మ.

"పో, పో. నిదానంగా రా." ఎన్నడూ లేనిది, గుమ్మం దాకా వచ్చి మరీ సాగనంపాడు.

ఆ ఉదారత చూసి ఆమె అనుమానం ఇంకా ముదిరింది. శిరివెళ్లలో దిగనే లేదు. నేరుగా నంద్యాల స్టేషనుకు పోయి స్తంభం చాటున నిలబడింది. అనుకున్నట్టే వచ్చాడు మహానుభావుడు, నెత్తిన తువ్వాలు కప్పుకుని, అటూ ఇటూ చూసుకుంటూ. అతను "బేతంచెర్ల" అనడం విని తనూ అదే టికెట్టు తీసుకుంది. అదే పెట్టెలో ఆ చివర, ముఖం మీదికి కొంగు లాక్కుని కూర్చుంది.

బండి కదిలింది. రైలు గేటు దగ్గర పచ్చజెండా పట్టుకుని అన్న నిలబడి ఉన్నాడు. అది చూసి ప్రభుదాసు తువ్వాలు గడ్డం దాకా లాక్కున్నాడు. తప్పుడు పని కాకపోతే బావమరిదిని చూసి దాక్కోవడం ఎందుకు?

గేటు దాటాక తువ్వాలు తీసి, కిటికీకి ముఖం ఆనించి, తనలో తనే నవ్వుకున్నాడు. పెళ్లినాడు ఫోటో కోసం నవ్వమంటే నవ్వని మనిషి! ఎవరిని తలుచుకుని ఆ నవ్వు? జీవమ్మకు ఏడుపు ముంచుకొచ్చింది.

బేతంచెర్లలో దిగాడు. స్టేషను దాటి పోలేదు. బెంచీ మీద కూర్చుని శనక్కాయలు నములుతూ పట్టాల వైపు చూస్తున్నాడు. ఆకుపచ్చ చీర కట్టినామె ఒకతె వచ్చి అదే బెంచీ చివర కూర్చుంది. ఇదే, అనుకుని జీవమ్మ కొంగు బిగించింది. ఆమె టైమెంతని అడిగి తన దారిన తాను లేచిపోయింది.

నంద్యాల వెళ్లే బండి వచ్చింది. ప్రభుదాసు ఒక్కడే ఎక్కి మళ్లీ కిటికీ పక్కన చేరాడు. ఇక జీవమ్మ వల్ల కాలేదు. పోయి ఎదురుగా కూర్చుని కొంగు తీసింది.

"యాడుంది అది?"

ప్రభుదాసు గబుక్కున తువ్వాలు నెత్తిన వేసుకోబోయి ఆగాడు. "ఏది?"

"నువ్వు చూసేదానికి వచ్చిన ఆడది."

కాసేపు కిటికీలోంచి బయటికి, కాసేపు పెళ్లాం వైపు చూశాడు. చివరికి తల దించుకుని, "ఉంది" అన్నాడు.

వారం నుంచీ తను అనుకుంటున్నదే. అయినా మొగుడి నోటి నుంచి వినేసరికి ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"పేరేంది?"

"పేరు... లింగమ్మ."

"ఎట్లుంటాది? నల్లగానా, ఎర్రగానా?"

"రెండూ."

జీవమ్మ కళ్లు తుడుచుకుని అతణ్ణి ఎగాదిగా చూసింది. "ఏమయ్యా, నంద్యాల కాణ్ణుంచి నీ ఎనకాలే ఉండా. నువ్వు టేషను దాటలేదు. నీ కోసరం ఎవరూ రాలేదు. మళ్లా బండెక్కితివి. దేవుని తోడు చెప్పు, ఆడది ఉందా, లేదా?"

దేవుడి పేరు ఎత్తేసరికి ప్రభుదాసు నీరుగారిపోయాడు. "లేదు."

"లేకుంటే ఉందని ఎందుకంటివి? కాపురం కూల్చేదానికా?"

ప్రభుదాసు చుట్టూ చూసి, ముందుకు వంగి గొంతు తగ్గించాడు.

"ఆడది ఉందంటే మీ అన్న వచ్చి రెండు తన్ని పోతాడు. ఆఫ్ దినమైతే చాలు, రైలెక్కి కిటికీ కాడ కూర్చునేదానికి వస్తాండానని తెలిస్తే, సచ్చేదాకా నవ్వుతాడే!"