నూట పన్నెండో పేజీ మనిషి

"మన పుస్తకాలు యూనివర్సిటీ బీరువాలు దాటాలి. ఎవరి గురించి రాశామో వాళ్ల ఇంటికి చేరాలి," అంటోంది పద్మారాణి మైకులో. అప్పుడే ఫంక్షన్ హాలు తలుపు భళ్లున తెరుచుకుంది.

నలుగురు మనుషులు ఒకడిని ఈడ్చుకొచ్చి వేదిక ముందు పడేశారు. ముఖం వాచిపోయింది. ఒక కన్ను మూసుకుపోయింది. చొక్కా ఏ రంగుదో తెలియనంత నెత్తురు. వెనకే ఒక ఆడమనిషి ఏడుస్తూ పరుగెత్తుకొచ్చి అతని మీద పడింది. ఆమెను జుట్టు పట్టి పక్కకు విసిరేశారు.

ఆమె ముఖం చూడగానే పద్మారాణి చేతిలో కాగితాలు జారిపోయాయి.

అది సమాజశాస్త్రవేత్తల సంఘం వార్షిక సభ. వికారాబాద్‌లో పెట్టుకున్నారు. మధ్యాహ్నం అధ్యక్ష ఎన్నిక. పద్మారాణి గెలుపు ఖాయమని పొద్దున టిఫిన్ల దగ్గరే అందరూ తేల్చేశారు. సంఘాన్ని ఊళ్లలోకి నడిపిస్తానని ఆమె చెప్పడమే కాదు, చేసి చూపించింది కూడా. తాండూరు అవతలి పల్లెలో బాణామతి చేసిందని ఒక ముసలమ్మను తగలబెట్టారు. ఆ ఘోరం మీద తెలుగులో పుస్తకం రాసింది. పోయిన నెల తాండూరులో ఆవిష్కరించి, చుట్టుపక్కల ఊళ్లకు తనే పంచింది.

ఆ పుస్తకమే ఇప్పుడు తిప్పన్న చేతిలో ఉంది. వచ్చిన నలుగురికీ పెద్ద అతనే. సాక్షులు లేక ముసలమ్మ కేసులోంచి బయటపడ్డవాళ్లలో అతనొకడు. రెండో చేతిలో గడ్డపార.

"గీ పుస్తకం నువ్వే రాసినవా మేడమ్?"

"నేనే."

"మేమేం జేసినమో అంతా చెప్పినోని పేరు నూట పన్నెండో పేజీల ఉన్నది. దేవప్ప అని. మా ఊర్ల దేవప్ప అంటే వీడొక్కడే. గొర్లు కాస్తడు. పొద్దుగాల సంది కొడుతున్నం, నేను గాదంటుండు."

కింద పడ్డ మనిషి తల ఎత్తాడు. "పిల్లల మీద ఒట్టు. నేను గీ మేడమ్‌ను ఎన్నడు చూడలే."

తిప్పన్న కాలు అతని పక్కటెముకల్లో దిగింది. ఎముక విరిగిన చప్పుడు మొదటి వరుస దాకా వినపడింది. మనుషుల్లో హింస ఎందుకు పుడుతుందని ముప్పై ఏళ్లుగా వ్యాసాలు రాస్తున్న పెద్దలు కుర్చీల వెనక చోటు వెతుక్కున్నారు. పోలీసులకు ఫోన్ చేయబోయిన నవీన్‌కుమార్ అనే లెక్చరర్‌కు చెంప పగిలింది. ఫోన్ ముక్కలైంది.

"మీరు పేర్లు మార్చి రాస్తరట గద?" అన్నాడు తిప్పన్న. "వీడు గాకుంటే ఇడిసిపెడ్తం. గని అసలు చెప్పిందెవరో నువ్వు చెప్పాలె, వాళ్లను ముసల్దాని లెక్కనే కాలవెడ్తం. వీడే అయితే మావోడు, మొగోడు, పానం తియ్యం. చెయ్యి ఒక్కటి తీస్తం. నువ్వు నోరిప్పకుంటే మాత్రం వీడు గీడనే సస్తడు."

దిగిపోతున్న అధ్యక్షుడు చంద్రకాంత్ వేదిక మూల నుంచి అరిచాడు. "పేరు మార్చడం మనకు మొదటి పాఠం పద్మా! మార్చానని చెప్పు. అతన్ని బతికించు!"

పద్మారాణి ఆ ఆడమనిషి వైపు చూసింది. ఆమె పెదవి చిట్లి నెత్తురు కారుతోంది. కళ్లు పద్మారాణి మీదే ఉన్నాయి. వద్దు వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది.

పద్మారాణికి పుట్టి బుద్ధెరిగాక ఇంత భయం తెలియదు.

"మార్చలేదు," అంది. "చెప్పింది ఇతనే."

దేవప్ప పెట్టిన కేక ఇంకా గొంతులో ఉండగానే గడ్డపార దిగింది. మొదటి దెబ్బకు మణికట్టు పోయింది. రెండో దెబ్బకు మోచెయ్యి. మూడో దెబ్బ ఎందుకు వేశాడో తిప్పన్నకే తెలియాలి. దేవప్ప కదలడం మానేశాడు. పుస్తకాన్ని అతని ముఖాన కొట్టి, నలుగురూ జీపెక్కి వెళ్లిపోయారు.

అంబులెన్సు వచ్చేలోపే సభ మళ్లీ కూర్చుంది. "నమ్మి నోరు విప్పినవాడి పేరు ఉన్నదున్నట్టు అచ్చేసింది. పైగా వాళ్ల ముందు వేలెత్తి చూపించింది. ఈవిడా మనకు దారి చూపేది?" అన్నాడు చంద్రకాంత్. అతని గొంతులో బాధ నిజమైనదే. పద్మారాణి పోటీ నుంచి తప్పుకుంటున్నానని రెండు ముక్కలు రాసిచ్చింది. మళ్లీ చంద్రకాంతే అధ్యక్షుడయ్యాడు. ఇకమీదట సభ్యుల పుస్తకాలేవీ ఊళ్లలో పంచకూడదని తీర్మానం కూడా చేశారు. చప్పట్లు కొట్టడానికి అందరి చేతులూ బాగానే ఉన్నాయి.

అంబులెన్సులో దేవప్పకు స్పృహ లేదు. ఆ ఆడమనిషి, అతని భార్య బీరమ్మ, తల దగ్గర కూర్చుని కొంగుతో నెత్తురు తుడుస్తోంది. పద్మారాణి ఎదురుగా కూర్చుంది. అంబులెన్సు ఊరు దాటింది.

బీరమ్మ ఉన్నట్టుండి ఆమె చెయ్యి పట్టుకుంది. కొడుతుందేమో అనుకుంది పద్మారాణి. కొట్టినా న్యాయమే అనుకుంది.

బీరమ్మ ముందున్న డ్రైవర్‌కు వినపడకుండా, మొగుడి ముఖం మీద నుంచి చూపు తిప్పకుండా అడిగింది: "ముచ్చట చెప్పింది నేనైతి, ఆనవాలు దొరకకుంట మొగోని పేరు పెడ్తనంటివి, లోకంల ఇన్ని పేర్లుండంగ నేను నా నోటితోని ఎన్నడు పలకని నా పెనిమిటి పేరే దొరికెనా మేడమ్?"