రెండు ఆఠీన్లు

“నేరుగా నాలుగు ఆఠీన్లు చెప్పాల్సిన చేతికి అంత సాగదీస్తారేంటండీ సర్వేయరు గారూ!” అని కోచ్ తల కొట్టుకున్నాడు.

రిటైరైన సర్వేయరు తప్పు చేసినవాడిలా తల గోక్కున్నాడు. బ్రిడ్జి ఆటలో ఇంకాస్త చెయ్యి తిరగాలనుకునేవాళ్ళ కోసం లైబ్రరీ మేడమీద ప్రతి గురువారం సాయంత్రం జరిగే ప్రాక్టీసు అది. నాలుగు బల్లలు, బల్లకి నలుగురు. ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరూ ఒక జట్టు. ఆట మధ్యలో జట్టువాళ్ళు ఒకరితో ఒకరు మాట్లాడకూడదు. ఎన్ని పట్లు గెలుస్తామో ముందుగా వంతులవారీగా చెప్పే బిడ్ ఒక్కటే నోటితో చెప్పుకోవచ్చు.

అతను సాగదీసేది ఆట తెలియక కాదు. తను ఒక్కసారే నాలుగు చెప్పేస్తే అక్కడితో సరి. మెట్టు మెట్టుగా ఎక్కితే ఎదుటావిడ రెండు మూడుసార్లు నోరు విప్పాలి. “రెండు ఆఠీన్లు.” “మూడు కళావర్లు.” ఆ గొంతు కోసమే వారమంతా కాచుకుని ఉండేవాడు. దాచడమెందుకు, మిగతా ఆరు రోజులూ అతనితో మాట్లాడే మనిషి లేదు. పాల దుకాణంలో “ఒక లీటరు” అనడం కూడా మాట్లాడటమే అనుకుంటే అది వేరే సంగతి.

అతను చేరిన రెండు నెలలకి ఆవిడ మొదటిసారి ఆ గుమ్మంలో కనబడింది. అతని గుండె గుభేలుమంది. కోచ్ ఆవిడకి ఖాళీ కుర్చీ చూపించాడు. అది సరిగ్గా అతని ఎదుటిదే. ఆవిడ ఒక్క క్షణం తటపటాయించి, కూర్చుంది.

సాగతీతకి తల కొట్టుకున్న మరుసటి గురువారం కోచ్ చిన్న చిన్న ప్లాస్టిక్ పెట్టెలు తెచ్చి బల్లలమీద పంచాడు.

“వచ్చే నెల పోటీలున్నాయి. అక్కడ నోటితో చెప్పనివ్వరు. ఇవాళ్టినుంచి మనమూ అంతే. బిడ్ రాసున్న అట్ట తీసి బల్లమీద పెట్టడమే. ఎవరూ నోరు మెదపకూడదు.”

“హమ్మయ్య! ఈయన సాగతీత వినే బాధ తప్పింది,” అని పక్కనున్న పళ్ళ డాక్టరు నవ్వాడు.

సర్వేయరుకి నవ్వు రాలేదు. వద్దని చెబుదామని నోరు తెరిచాడు. ఏమని చెప్తాడు? ఈ వయసులో ఒక ఆడమనిషి గొంతు వినడానికొస్తున్నానంటే గది గదంతా నవ్విపోదూ! తన వంతు పెట్టె దగ్గరికి లాక్కున్నాడు.

“కోచ్ గారూ, నేను కళ్ళజోడు మర్చిపోయాను,” అంది ఎదుటావిడ. “ఆ అట్టలమీద అక్షరాలు నాకు ఆనవు. మా బల్లకి నోటితోనే కానివ్వండి.”

“మరి పేకముక్కలు కనిపిస్తాయా అమ్మా?”

“అవి పెద్దవి లెండి.”

“పోటీల్లో ఏం చేస్తారు?”

“పోటీలకి మేం రాం.”

ఎదుటివాణ్ణి ఒక్కమాట అడక్కుండానే చెప్పేసింది. సర్వేయరుకి మాత్రం ఆ ‘మేం’ దగ్గర ఊపిరి ఆగినంత పనైంది. కళ్ళజోడు ఆవిడ సంచిలో ఎడమవైపు అరలో ఉంటుందని అతనికి తెలుసు.

“ఏదో ఒకటి కానివ్వండి,” అని కోచ్ విసుక్కుని ఆవిడ కుర్చీ వెనక నిలబడ్డాడు. ముక్కలు పంచారు.

“ఒక ఇస్పేటు,” అంది ఆవిడ.

“రెండు ఇస్పేట్లు,” అన్నాడతను.

“మూడు కళావర్లు,” అంది నింపాదిగా.

“మూడు ఇస్పేట్లు.”

“నాలుగు డైమన్లు.”

“ఇదేం ఖర్మండీ!” కోచ్ కేకేసినంత పని చేశాడు. “ఇంత మంచి చేతికి నేరుగా నాలుగు ఇస్పేట్లు చెప్పక! ఆయన జబ్బు మీకూ అంటుకుందా?”

ఆవిడ తన ముక్కలు వరస సర్దుకుంది. అతనికి చేతిలో ముక్కలు మసకబారాయి. ఎంత సంతోషంగా ఉందో, అంత ఏడుపూ వచ్చింది.

ఆరింటికి ప్రాక్టీసు ముగిసింది. ఆవిడ ఎప్పట్లాగే ముందు మెట్లు దిగి వెళ్ళిపోయింది. అతను పేకలన్నీ సర్ది, ఐదు నిమిషాలాగి, తనూ నడక మొదలుపెట్టాడు. మూడు వీధులు దాటితే ఇల్లు.

తలుపు తీసే ఉంది. అతను లోపలికెళ్ళి గడియ పెట్టాడు. చేతిసంచి మేకుకి తగిలించి, ఎడమవైపు అరలోంచి కళ్ళజోడు బయటికి తీస్తున్న, పదకొండేళ్ళుగా తనతో మాటల్లేని భార్య పక్కనుంచి నడిచి, తన గదిలోకి వెళ్ళిపోయాడు.