ఆరో సెక్షన్

సామాన్ల గది తలుపుకు వీపు ఆనించి కూర్చుని, ఆమె ఫోను చెవికి నొక్కుకుంది. రెండో చేతిలో ఇనప కడ్డీ ఉంది. బయట పట్టపగలే అయినా, కిటికీ లేని ఆ గదికి బల్బు వెలుగే దిక్కు.

ఫోనులో ఉన్నది మాస్టారు. ప్రభుత్వ ముద్రణాలయంలో ఇద్దరిదీ ఒకే బల్ల. ఆయన రాతప్రతిని కామాలూ ఫుల్‌స్టాపులతో సహా పైకి చదువుతాడు, ఆమె ప్రూఫు దిద్దుతుంది. ఇంట్లో ఉప్పు అడిగినా ఆయన కామా పెట్టే అడుగుతాడని ఆఫీసులో అందరికీ వేళాకోళం.

“ఇంట్లోకి వచ్చాడండీ,” అంది గుసగుసగా. “చంపేస్తానంటున్నాడు.”

పోలీసులకు తాను చెబుతానన్నాడు మాస్టారు. చెప్పమంది గానీ, వాళ్ళు వచ్చేదాకా ఈ తలుపు ఆగదని కూడా అంది. గడియ స్క్రూలు ఎప్పటినుంచో వదులు.

అడుగుల చప్పుడు వంటింటి గుమ్మంలో కదిలే బండను తొక్కకుండా దాటుకుని వచ్చింది. సామాన్ల గది స్విచ్చు బయట, బీరువా వెనక ఉంటుంది. అది టక్కుమంది, బల్బు ఆరిపోయింది. ఆమె పైప్రాణాలు పైనే పోయాయి. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారు, ఆమెకు వెనక గొయ్యి కూడా లేదు, గోడే.

“ఇంటిరక్షణ చట్టం ఈ ఉదయమే పాసయింది కదమ్మా,” అన్నాడు మాస్టారు. “మనం దిద్దిందేగా. తలుపు ఊడిందా, చేతికందినదానితో నెత్తిన ఒక్కటివ్వు. నీమీద కేసుండదు.”

ఆమెదీ అదే ఆశ. కొడితే జైలేమోనని భయం, కొట్టకపోతే ప్రాణభయం. ఆ చట్టాన్ని నాలుగుసార్లు దిద్దింది గానీ, అచ్చుతప్పులు ఏరేవాళ్ళ కంటికి అక్షరాలే తప్ప అర్థం ఆనదు. ఆరో సెక్షన్ చదవమని ఆయన్ని బతిమాలింది.

కాగితాలు గరగరలాడాయి. ఆ కంగారులోనూ మాస్టారి అలవాటు మారలేదు. “తన నివాసంలో ఉన్న వ్యక్తి, కామా, లోపలికి వచ్చినవారి నుంచి ప్రాణం కాపాడుకోవడానికి కొట్టినా నేరం కాదు, ఫుల్‌స్టాప్.”

తలుపు మీద భుజం దభీమని పడింది. ఒక స్క్రూ ఊడి ఆమె ఒళ్ళో పడింది.

“తర్వాతి వాక్యమండీ?”

“అది కంపోజింగులో ఎగిరిపోతే నువ్వే పట్టుకుని ఎర్రసిరాతో చేర్పించావు. డైరెక్టరుగారు అందరిముందూ మెచ్చుకున్నారు కూడా.”

“చదవండి.”

“కొట్టింది అదే ఇంట్లో నివసించే వ్యక్తిని అయితే, కామా, ఈ రక్షణ వర్తించదు, ఫుల్‌స్టాప్.” మాస్టారికి విసుగొచ్చింది. “దొంగవెధవకి అదెందుకమ్మా ఇప్పుడు? కొట్టు.”

ఆమె కడ్డీని నేలమీద పెట్టేసింది. ఇక ఏడుపు ఆగలేదు.

“మా ఆయనండీ.”